చీటి వేయు చేయి



గడచిన జనవరి మాసములో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి జనులు ఇండ్లకు వెళ్లుచుండగా, మా సంఘపు యౌవనస్థుడొకడు వెనుక బల్లయొద్ద ఒంటరిగా నిలిచియుండెను. అతడు పట్నమున కళాశాలలో చదువుచు, అక్కడి బాస్కెట్ బాల్ జట్టులో ఆడుచున్నవాడు. ఎప్పుడును నవ్వుముఖముతో పలుకరించు పిల్లవాడు ఆ దినమున తల వంచుకొనియుండెను. దగ్గరకు పిలిచి అడుగగా సంగతి చెప్పెను. కళాశాలల మధ్య జరుగు పోటీలకు వారి జట్టు మొదటిసారిగా వెళ్లెనట. రైలులో కూర్చుండ చోటు లేక రాత్రంతయు నిలుచుండి ప్రయాణము చేసి తెల్లవారుజామున దిగిరట. ఉదయము ఏడు గంటలకే ఆట. ఎదుట నిలిచినవారు గత సంవత్సరపు విజేతలు. ఆట జరుగు కోర్టు ఆ విజేతలదే. చుట్టు మూగి కేకలు వేయువారు వారి తోటి విద్యార్థులే. తొమ్మిది గంటలు కాకమునుపే వీరి పోటీ ముగిసెను. సాయంకాలపు రైలుకు తిరిగి వచ్చిరి.

“ఓడిపోయామని కాదండి అయ్యగారూ,” అనెను. “డ్రా చూడగానే మాకు తెలిసిపోయిందండి. మేం దిగకముందే అంతా అయిపోయింది.” కొంచెము సేపు ఊరకుండి, నా ముఖము చూడక, మరియొక మాట అడిగెను. “దేవుడు కూడా ఇలాగే డ్రా వేస్తాడాండీ?”

ఆ ప్రశ్నకు నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. భోజనమునకు రమ్మని పిలిచితిని గాని, అన్నము తినుచున్నంతసేపును ఆ మాటయే నాలో తిరుగుచుండెను. కొల్లేటి లంకలలో పుట్టిన పిల్లవాడు, కాలువ శివారున అరయెకరము కౌలుచేయు రైతు, బడి లేని ఊరిలో పుట్టిన ఆడబిడ్డ, వీరందరును ఏదో ఒక దినమున మనస్సులో అడుగుకొను ప్రశ్న అదే. గనుక ఆటనుండియే మొదలుపెట్టి దీనిని కొంచెము నెమ్మదిగా ఆలోచింతము.

మొదట మాటల అర్థము తెలిసికొందము. ఎవరు ఎవరితో ఏ క్రమమున ఆడవలెనో చూపు పట్టికకు డ్రా అని పేరు. బలమైన జట్లను ముందుగా గుర్తించి, ఆ పట్టికలో వాటిని దూరదూరముగా నిలుపుటకు సీడింగ్ అని పేరు. సీడ్ అనగా ఇంగ్లీషున విత్తనము. సేద్యము చేయు మీకు ఇది సుళువుగా బోధపడును. విత్తనమంతయు ఒకే చోట గుప్పెడుగా పడినయెడల మొలకలు ఒకదానినొకటి అణచివేయును. ఎడము చూచి నాటిన చేనే పిలకలు వేసి నిండుగా పెరుగును. అట్లే మేటి జట్లు రెండును మొదటి దినముననే తలపడినయెడల, రెండవ స్థానమునకు తగినది మొదటి దినముననే ఇంటికి పోవును. చివరి దినమున చూడదగిన ఆట మిగులదు. అంతేకాదు, ఏడాది పొడుగున శ్రమపడి గెలిచినవానికి ఆ శ్రమనుబట్టి కొంత ఫలము దొరకుట న్యాయమే. కాబట్టి సీడింగ్ దానంతట అది తప్పు కాదు.

అయితే దానికొక వెల ఉన్నది. ఇద్దరు బలవంతులను ఒకరికొకరిని దూరముగా నిలుపవలెనన్న, వారి ఎదుట మొదటి దినమున ఇద్దరు బలహీనులను నిలుపవలెను. పెద్దవాని దారి చదునుచేసిన మన్నంతయు చిన్నవాని దారిలోనే పడును. ఆ వెల చెల్లించువాడు ఎప్పుడును క్రొత్తవాడే, దూరమునుండి వచ్చినవాడే.

ఇక స్థలము సంగతి. దీనికి మన కాలువలను మించిన పాఠము లేదు. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట నుండి గోదావరి నీరు ఏలూరు కాలువలో తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరును. నీరు ఒక్కటే, కాలువ ఒక్కటే. కాని కాలువ తలయొద్ద పొలముగలవాడు తూము తలుపు ఎత్తిన చాలును. శివారు రైతు వంతు నీటికొరకు రాత్రులు గట్టుమీద కాపు కాయవలెను. వానలు ముదిరిన సంవత్సరమున కథ తిరుగబడును. తమ్మిలేరు, బుడమేరు పొంగి కొల్లేటిలో పడగా, ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు లాగుకొనలేక నిలువగా, ఎగువవాడు తన చేనినుండి దించిన నీరు దిగువ లంకవాని గడపలోనికి వచ్చును. పంట ఇంటికి చేరిన ఎగువ రైతు, ఇది నా చెమట అనును. అది అబద్ధము కాదు. కాని ఆ ధాన్యపు రాశిలో చెమట ఎంత, చోటు ఎంత అని వేరుచేసి కొలిచి చెప్పగలవాడెవడు?

చదువరీ, ఈ వ్యాసమంతయు ఆ ఒక్క ప్రశ్నయొద్దనే తిరుగును. దానిని విడువక పట్టుకొని నాతో రమ్ము.

బాస్కెట్ బాల్ ఆట పుట్టుక మన సంఘములకు అన్యమైనది కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నున్న జేమ్స్ నైస్మిత్ దీనిని కనిపెట్టెను. ఆయన కెనడా దేశమున పుట్టి, దైవశాస్త్రము చదివినవాడు. చలికాలమున ఇంటిలోపల, ఒకరినొకరు పడద్రోయక ఆడదగిన ఆట కావలెనని, పండ్ల బుట్టలు రెండు తెప్పించి, నేలకు 10 అడుగుల ఎత్తున కొట్టించి, 13 నియమములు వ్రాసి గోడకు అంటించెను. మన దక్షిణ దేశమున 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్య కళాశాలను స్థాపించెను. మన పాఠశాలలకు వచ్చిన డ్రిల్లు మాస్టర్లలో అనేకులు అక్కడ తరిబీదు పొందినవారే.

నైస్మిత్ వ్రాసిన ఆ 13 నియమములలో బంతిని పట్టుకొని పరుగెత్తరాదని ఉన్నది, భుజముతో నెట్టరాదని ఉన్నది. ఎవరి ఊరిలో ఆడవలెనో, ఎవరితో మొదట ఆడవలెనో మాత్రము లేదు. కోర్టు గీతల లోపలి న్యాయమును ఆయన వ్రాసి ఇచ్చెను. గీతల వెలుపలి న్యాయము మనకు విడువబడినది. కష్టమంతయు అక్కడనే యున్నది.

అమెరికా కళాశాలల పురుషుల జాతీయ పోటీ 1939లో 8 జట్లతో ఆరంభమై, 1985లో 64 జట్లకు, 2011లో 68 జట్లకు పెరిగెను. జట్లను నాలుగు భాగములుగా చేసి, ప్రతి భాగమున 1 మొదలు 16 వరకు సంఖ్యలిత్తురు. 1వ జట్టు మొదట ఆడునది 16వ జట్టుతో. 1986లో లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయపు జట్టుకు వచ్చిన సంఖ్య 11. అయినను మొదటి రెండు ఆటలు వారి ఊరైన బేటన్ రూజ్‌లో, వారి స్వంత కోర్టులోనే జరిగెను. తమకంటె మంచి సంఖ్యలుగల జట్లను అక్కడ ఓడించి, వారు తుది నాలుగు జట్లలోనికి చేరిరి. తరువాతి కాలమున పురుషుల పోటీలో ఏ జట్టును తన స్వంత కోర్టులో ఆడరాదను నియమము వచ్చెను. స్త్రీల పోటీలోనైతే మొదటి 16 స్థానములు పొందిన జట్లకు తొలి రెండు ఆటలు స్వస్థలమున ఆడుకొను వీలు కలిగించిరి. చూచువారు నిండుగా వత్తురని దానికి చెప్పు కారణము. ఒకే ఆటకు, ఒకే దేశమున, రెండు న్యాయములు!

ఇక్కడ కొందరు, శూరుడైనవానికి ఏ స్థలమైన నేమి అందురు. నిజమే, 1998లో స్త్రీల పోటీలో 16వ సంఖ్యగల హార్వర్డ్ జట్టు 1వ సంఖ్యగల స్టాన్‌ఫర్డ్ జట్టును, స్టాన్‌ఫర్డ్ వారి కోర్టులోనే, 71–67 తో గెలిచెను. ఆ దినమున స్టాన్‌ఫర్డ్ జట్టులో ముఖ్యులైన ఇద్దరు గాయములచేత ఆడలేకపోయిరన్నదియు నిజమే. పురుషుల పోటీలో 16వ జట్టు 1వ జట్టును గెలుచుట 2018లోగాని జరుగలేదు. అంతకుముందు 135 మారులు అట్టి జట్లు వచ్చి, ఓడి, వెళ్లిపోయెను. గెలిచిన ఒక్కని చూపి దారి చక్కగానే ఉన్నదనువాడు, ఆ 135 మందిని లెక్కపెట్టనివాడు. మన గ్రామములలోను ఇట్లే మాటలాడుదుము. పేదవాడొకడు కలెక్టరైనయెడల, చూచితిరా, కష్టపడితే ఎవరైనను కావచ్చును అందుము. వాని ఘనత వానిదే. కాని దారిలో కూలిపోయినవారిని గూర్చి అది ఏమియు చెప్పదు.

ఇప్పుడు మన రాష్ట్రమునకు తగిలిన సంగతి ఒకటి చూడుడి. ఇది క్రికెట్ సంగతి. 2023–24 రంజీ ట్రోఫీ పోటీలలో నాలుగు గ్రూపులనుండి రెండేసి జట్లు క్వార్టర్ ఫైనలుకు వచ్చెను. గ్రూపులలో మొదటివైన నాలుగును స్వస్థలమున ఆడెను. రెండవవైన నాలుగును పొరుగూరికి వెళ్లెను. ఆంధ్ర జట్టు తన గ్రూపున ముంబయి వెనుక రెండవదై, మధ్యప్రదేశ్‌తో ఆడుటకు 2024 ఫిబ్రవరిలో ఇండోరు వెళ్లెను. మధ్యప్రదేశ్ 234 పరుగులు చేయగా మనవారు 172 చేసిరి. రెండవ మారు మధ్యప్రదేశ్ 107కే కూలెను. గెలుపునకు 170 కావలసియుండగా మనవారు 165 యొద్ద ఆగిపోయిరి. నాలుగు పరుగులతో ఓటమి! ఆ ఆట విశాఖపట్నమున జరిగియున్న ఆ నాలుగు పరుగులు వచ్చియుండెడివా? ఎవరును చెప్పలేరు.

ఆ సంవత్సరపు నాకౌట్ ఆటలు ఏడు. నాగపూరు, ముంబయి, కోయంబత్తూరు, ఇండోరులలో క్వార్టర్ ఫైనల్స్. నాగపూరు, ముంబయిలలో సెమీ ఫైనల్స్. తుది పోటీ ముంబయిలోనే. ఏడింటిలోను సొంత గడ్డమీద ఆడిన జట్టే ముందుకు సాగెను. చివరకు కప్పు ముంబయి అందుకొనెను. వారు మేటి జట్లు గనుక గెలిచిరా, సొంత గడ్డ గనుక గెలిచిరా? మేటివి గనుకనే గ్రూపున మొదట నిలిచి సొంత గడ్డను సంపాదించుకొనెను గదా అని ఒకరందురు. సొంత గడ్డమీద గెలిచిన పాత గెలుపులు ఆ మేటితనమునకు సాయపడలేదా అని మరియొకరందురు. ఇరువురి మాటలోను నిజమున్నది. చెమటను, చోటును విడదీయుట ఎవరి తరము?

అయితే ఎవరి గడ్డయు కానిచోట ఆడించిన సరిపోవును గదా? అదియు చేసి చూచిరి. ఆతిథ్యమిచ్చువారు పిచ్‌ను తమకు వీలుగా తయారుచేసికొనుచున్నారను మాట పెరుగగా, 2016–17లో రంజీ ఆటలన్నిటిని ఇరుజట్లకును చెందని స్థలములలోనే ఆడించిరి. ఆటగాండ్రు ప్రయాణములచేత అలసిరి. తమవారను చూచువారు లేక గ్యాలరీలు బోసిపోయెను. మరుసటి సంవత్సరమే పాత పద్ధతికి మరలిరి. అందరికిని సమానముగా కష్టము పంచినంతమాత్రమున న్యాయము జరుగదు.

అట్లయిన న్యాయమెక్కడ? దీనికి ఉత్తరము నేను పుస్తకములలో నేర్చుకొనలేదు. సిగ్గుపడి నేర్చుకొంటిని. ఆ సంగతి మీతో దాచను.

కొన్ని సంవత్సరముల క్రిందట, సంక్రాంతి వెళ్లిన తరువాత, మా చుట్టుప్రక్కల ఎనిమిది సంఘముల యౌవనస్థులకు వాలీబాల్ పోటీలు జరుపుచుంటిమి. మా ఊరు రోడ్డు ప్రక్కన ఉన్నది. ఆటకు చదునైన స్థలమున్నది. వంటకు షెడ్డు ఉన్నది. గనుక పోటీలు ఎప్పుడును మా ఊరిలోనే. ఇది అనుకూలత. మా పిల్లలు వరుసగా మూడేండ్లు గెలిచిరి. గెలిచిరి గనుక మొదటి సీడ్ వారిది. మొదటి సీడ్ గనుక మొదటి ఆట అందరికంటె బలహీనమైన జట్టుతో. డ్రా వ్రాయువాడను నేనే. వ్రాసినప్పుడు నా మనస్సాక్షి ఒక్కమారైనను నన్ను గద్దింపలేదు. అంతయు నియమము ప్రకారమే గదా!

ఆ నాలుగవ సంవత్సరమున మా జట్టుతో మొదటి ఆట ఒక లంక గ్రామపు జట్టుకు పడెను. ఉదయము ఏడు గంటలకు ఆట. వారు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, చీకటిలో పడవ దాటి, గట్టున కొంత దూరము నడిచి, ఆటో పట్టుకొని, బురద కాళ్లతోనే గ్రౌండులో దిగిరి. అరగంటలో ఓడిరి. మధ్యాహ్నము భోజనముల యొద్ద వారితో వచ్చిన సంఘ పెద్ద, వలలు లాగి లాగి చేతులు కాయలు కాచిన మనిషి, నా యొద్దకు వచ్చి మెల్లగా అనెను. “అయ్యగారూ, మా కుర్రాళ్ళు ఓడిపోయారని కాదండి. ఓడిపోడానికే మమ్మల్ని పిలిచినట్టుందండి.”

నాకు కోపము వచ్చెను. “మీవాళ్ళు కూడా ఒకసారి గెలిచి చూపిస్తే మీకూ మంచి చోటే వస్తుంది కదా!” అంటిని.

ఆయన నవ్వెను. “గెలవాలంటే ముందు నిద్రపోవాలి కదండీ,” అని విస్తరి తీసికొని వెళ్లిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేము చేసిన చక్రము నాకు కనబడెను. చోటు మాకు గెలుపునిచ్చెను. గెలుపు మాకు మొదటి స్థానమునిచ్చెను. మొదటి స్థానము మరల గెలుపునిచ్చెను. ఆ చక్రమును నేను అర్హత అని పిలిచితిని. అందులో నియమము తప్పినవాడెవడును లేడు. అయినను అన్యాయము జరిగినది. నా పాపము డ్రా వ్రాయుటలో లేదు. మాకు దొరికిన అనుకూలతకు అర్హత అను పేరు పెట్టుటలో ఉన్నది.

మరునాడు ఉదయమున యెహోషువ గ్రంథము తెరచితిని. ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశమును పంచుకొన్న వృత్తాంతము ఎన్నో మారులు చదివినదే. ఆ దినమున క్రొత్తగా కనబడెను. ఇంకను స్వాస్థ్యము పొందని గోత్రములు ఏడుండగా, యెహోషువ గోత్రమునకు ముగ్గురేసి మనుష్యులను పంపి, దేశమంతయు తిరిగి చూచి ఏడు భాగములుగా వ్రాసికొని రమ్మనెను. వారు వచ్చిన తరువాతనే షిలోహులో చీట్లు వేసెను. గమనించుడి, భాగములు చేసినవారికి ఏ భాగము తమదగునో తెలియదు. మంచి నేలనంతయు ఒకచోట చేర్చినయెడల అది ఎవరికి పోవునో ఎరుగరు. అందుచేత ప్రతివాడును ప్రతి భాగమును తనదే కావచ్చునని తలంచి గీత గీయవలసి వచ్చెను. న్యాయము అక్కడ మొదలాయెను, చీటి తీసిన గడియలో కాదు, అంతకు ముందే.

ఇంకొకటి. యెహోషువ ఎఫ్రాయిము గోత్రపువాడు, అనగా యోసేపు సంతతివాడు. ఆ యోసేపు సంతతివారే వచ్చి, మేము చాలమందిమి, మాకు చాలదని మొరపెట్టినప్పుడు, ఆయన తనవారని ప్రక్కవారి భాగము కోసి ఇయ్యలేదు. మీరు బలవంతులైతే అడవి నరికి సాగుచేసికొనుడని కొండసీమకు పంపెను. తన స్వాస్థ్యమును అందరికి పంచుట ముగిసిన తరువాత, చివరను తీసికొనెను. చీటి వేయు చేయి చివరను చాపబడెను. నేనో? నా చేయి మొదటనే చాపబడియుండెను.

అబ్రామును తలంచుకొనుడి. లోతుకంటె వయస్సున పెద్దవాడు, పిలుపు పొందినవాడు. మన మాటలో చెప్పవలెనన్న మొదటి సీడ్ ఆయనదే. అయినను కాపరుల మధ్య కలహము పుట్టినప్పుడు, ముందుగా కోరుకొను హక్కును చిన్నవానికి ఇచ్చివేసెను. లోతు నీళ్లు పారు నేలను ఏరుకొనెను. అబ్రాము మిగిలినదానితో తృప్తిపడెను. తనకు న్యాయముగా వచ్చిన హక్కునైనను విడువవచ్చునని ఆయన ఎరిగియుండెను. హక్కు విడుచుట నియమములో వ్రాయబడదు. అది మనస్సులో వ్రాయబడవలెను.

మరియొక సంగతి చెప్పక విడువరాదు. చీట్లు ఎంత న్యాయముగా వేసినను, చీట్ల డబ్బాలో కొందరి పేర్లే లేనియెడల ఏమి లాభము? అమెరికాలో మిస్సిసిపీ రాష్ట్ర విశ్వవిద్యాలయపు జట్టు 1959, 1961, 1962 సంవత్సరములలో జాతీయ పోటీకి అర్హత పొందియు వెళ్లలేదు. కారణమేమనగా అక్కడ నల్లజాతి ఆటగాండ్రతో ఆడవలసి వచ్చును. తెల్లవారు వారితో ఆడరాదని ఆ రాష్ట్రమున కాగితముమీద లేని కట్టుబాటు ఒకటుండెను. 1963లో ఆ జట్టువారు, తమను ఆపుటకు కోర్టు ఉత్తరువు వచ్చుచున్నదని తెలిసి, రహస్యముగా రాష్ట్రము దాటి మిషిగను వెళ్లిరి. మార్చి 15న నలుగురు నల్లజాతి యువకులు మొదటి ఐదుగురిలోనున్న చికాగో లొయోలా జట్టుతో ఆడి 61–51 తో ఓడిరి. ఆట ఆరంభమున ఇరుజట్ల నాయకులును చేతులు కలిపిరి. ఆ సంవత్సరము లొయోలా జట్టే కప్పు గెలిచెను. ఓడిపోవుటకైనను సరే వెళ్లి ఆడవలెనని ఆ తెల్లజాతి పిల్లలు పడిన ఆశను నేను తరచుగా తలంచుదును. మన తాతలను ఊరి చెరువుయొద్దకు రానియ్యని దినములను మనమింకను మరువలేదు. గనుక మన పోటీలలో, మన పెండ్లి పంక్తులలో, మన సంఘ కమిటీలలో ఎవరి పేరు డబ్బాలో వేయుటకే మరచుచున్నామో చూచుకొనుట మన పని.

ఆ తరువాతి సంవత్సరమున మేము పద్ధతి మార్చితిమి. డ్రా వ్రాయు పని ఏ జట్టును లేని ఊరి ఉపాధ్యాయులకిద్దరికి ఇచ్చితిమి. గత సంవత్సరపు మొదటి రెండు జట్లను మాత్రము ఎడముగా నిలిపి, మిగిలినవాటికి చిన్నబిడ్డచేత చీట్లు తీయించితిమి. దూరమునుండి వచ్చు జట్టుకు ఉదయపు మొదటి ఆట ఇయ్యరాదని వ్రాసికొంటిమి. స్థలము సంవత్సరమునకొక ఊరు. ఇవన్నియు పోటీ ప్రకటించుటకు ముందే కాగితముమీద పెట్టి అందరికి చదివి వినిపించితిమి.

మొదటి వంతు ఆ లంక గ్రామమునకే వచ్చెను. బడిముందున్న ఖాళీ స్థలమున వల కట్టిరి. మా పిల్లలకు ఉదయపు ఆట లేకపోయినను పడవకు ఆలస్యమై, బురదలో జారి, ఆకలితో చేరిరి. మొదటి ఆటలోనే ఓడిరి. తిరిగి వచ్చునప్పుడు పడవలో వారు సణుగుకొనిరి. “గ్రౌండు ఏటవాలుగా ఉందిరా. గాలి వాళ్ళవైపే కొట్టింది. డ్రా సరిగ్గా లేదు.” వినుచున్న నాకును లోలోపల అదే తోచెను! అప్పుడుగాని ఆ పెద్దాయన మాట నాకు పూర్తిగా వినబడలేదు. లంకవారు గెలిచిరా అందురేమో, వారును గెలువలేదు. కప్పు మరియొక ఊరికి పోయెను. అయితే ఆ సాయంకాలము ఆ పెద్దాయన చేపల పులుసుతో మాకు అన్నము పెట్టి, “నిద్ర సరిపోయిందాండీ అయ్యగారూ?” అని అడిగి నవ్వెను. నేనును నవ్వితిని.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు వత్తును. దేవుడు కూడ ఇట్లే డ్రా వేయునా? ఒకడు కాలువ తలయొద్దను, ఒకడు శివారునను ఎందుకు పుట్టుదురో నాకు తెలియదు. తెలిసినట్టు ప్రసంగించువారు కొందరున్నారు. బాగుగా ఉన్నవానిని చూచి దేవుడు వాని యోగ్యతనుబట్టి దీవించెననియు, లేనివానిని చూచి వాని లోపమనియు చెప్పుదురు. అది నేను డ్రా వ్రాసినప్పుడు చేసిన తప్పునే దేవుని పేరట చేయుట. యోబు స్నేహితులు అట్లు మాటలాడియే ఆయనచేత గద్దింపబడిరి.

నేనెరిగినది ఒక్కటే. దేవుడు తన కుమారుని ఈ లోకమునకు పంపినప్పుడు ఆయనకు సొంత గడ్డ లాభము ఇయ్యలేదు. సత్రములో చోటు లేదు. పెరిగిన ఊరైన నజరేతువారే ఆయనను కొండ అంచువరకు నెట్టుకొనిపోయిరి. చివరకు పట్టణపు గవిని వెలుపల, కేకలు వేయు జనుల మధ్య, తనవారు పారిపోయిన తరువాత, ఆయన మరణించెను. పట్టికలో కడపటి స్థానమేదో దానిని ఆయన కోరుకొనెను. గనుక శివారున నిలిచినవాడు దేవుడు తనకు దూరమని తలంచనక్కరలేదు. తలయొద్ద నిలిచినవాడు దేవుడు తన ప్రక్కనే ఉన్నాడని ధైర్యపడనును కూడదు.

భోజనమైన తరువాత ఆ యౌవనస్థునితో నేనన్నది ఇంతే. “బాబూ, మీకు జరిగింది న్యాయం కాదు. అది న్యాయమని నీకు నచ్చజెప్పను. మీ కమిటీకి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. రాత్రి ప్రయాణం చేసొచ్చిన జట్టుకి పొద్దుటాట పెట్టొద్దని అడగండి. అడగడం తప్పు కాదు. వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళి ఆడండి. కాని ఒకటి గుర్తుపెట్టుకో. నువ్వు చదువుకుంటున్నావు. ఏదో ఒకరోజు ఆ చీటీలు నీ చేతికే వస్తాయి. ఎవరికి ఏ ఇల్లు, ఎవరికి ఏ ఉద్యోగం, ఎవరు ముందు, ఎవరు వెనక అని రాసే కుర్చీలో నువ్వే కూర్చుంటావు. ఆరోజు ఆ రైలు రాత్రి నీకు గుర్తుండాలి.”

అతడు కొంతసేపు ఆలోచించి, “గుర్తుంటుందండి,” అనెను.

చదువరీ, నీ చేతిలోను చీట్లున్నవి. నీళ్ల వంతు చెప్పువాడవు కావచ్చును, బిడ్డలకు ఆస్తి పంచు తండ్రివి కావచ్చును, కోడళ్లకు పని పంచు అత్తవు కావచ్చును, సంఘపు పెద్దవు కావచ్చును. ఆ చీటి వ్రాయుటకు ముందు ఒక్క నిమిషము ఆగుము. ఏ భాగము నీకు వచ్చునో తెలియనట్టుగా వ్రాయుము. నీకు దొరికిన అనుకూలతను అర్హత అని పిలువకుము. దూరమునుండి వచ్చువాడు నిద్రపోయెనో లేదో అడుగుము. నీ భాగమును చివరను తీసికొనుము. అట్టి మనస్సును ప్రభువు నాకును మీకును దయచేయును గాక.